లింగవ్వ ఎత్తిన పాట

లింగవ్వ పాట ఎత్తింది. దాన్ని అందుకునే లోపలే చచ్చిపోయింది.

ఈ సంగతి చిలుకపల్లెలో అందరికీ తెలుసు. ఇరవై ఎనిమిది మంది ఆడవాళ్లు వరుసగా వంగి నాటు వేస్తుండగా, పట్టపగలు జరిగింది. అయినా సర్కారు కాగితంలో మాత్రం లింగవ్వ కట్టెల కోసం గుట్టెక్కి కాలు జారి చనిపోయింది. ఆ కాగితం కింద ఆమె కొడుకు సంతకమూ, ఇరవై ఏడు మంది సాక్షుల వేలిముద్రలూ సంతకాలూ ఉన్నాయి. అందులో ఒక సంతకం రమది. ఎంఏ చదువుతున్న పిల్ల, గుండ్రటి అక్షరాలతో చక్కగా పెట్టింది.

పొలంలో కూలీలు బారు కట్టి చేసే పనిని మా వైపు మునుం పట్టడం అంటారు. మునుంలో పాటకొక కట్టుబాటు ఉంది. ఒకరు ఎత్తితే మిగతా వాళ్లందరూ అందుకోవాలి. గొంతు బాగా లేకున్నా, ఒళ్లు బాగా లేకున్నా అందుకోవాల్సిందే. ఎత్తిన పాటను కింద పడేస్తే నాటు పట్టదని పెద్దవాళ్లంటారు.

ఆ వానాకాలం రమ కరీంనగర్ హాస్టల్ నుంచి సెలవులకు వచ్చింది. తల్లి బాలవ్వతో నాటుకు పోయింది. తండ్రి గంగయ్య మస్కట్‌లో ఉన్నాడు. మునుంలో లింగవ్వకు ఒక పక్క రమ, ఇంకో పక్క బాలవ్వ. ఎదురుగా చిలుకగుట్ట. గుట్టను సగం దాకా చొక్కారావు గ్రానైటు క్వారీ మింగేసింది. చొక్కారావు తాత గడీలో దొర, తండ్రి సర్పంచి, ఇతను క్వారీ యజమాని. గడీ కూలిపోయి ముప్పై ఏళ్లయింది గానీ, గడీలో పుట్టిన బుద్ధికి ఒక్క పెచ్చు కూడా ఊడలేదు.

మధ్యాహ్నం ఒంటి గంటకు, కూలీలు అన్నానికి ఒడ్డెక్కాక, మూడు సార్లు సైరన్ మోగించి అప్పుడు బండ పేల్చాలని కట్టుబాటు. ఆ రోజు లారీలు తొందర పెట్టాయి. పదకొండింటికే పేల్చారు. సైరన్ మోగలేదు.

"గుట్టమీది సిలుక గూడిడిసి పాయె..."

లింగవ్వ ఎత్తింది. అందుకోవడానికి రమ ఊపిరి పీల్చింది. అంతలో నేల అదిరింది. గంపంత రాయి వచ్చి లింగవ్వ వీపు మీద పడింది. చేతిలోని నారుకట్ట చేతిలోనే ఉంది. మడిలో నీళ్లు ఎర్రబడి రమ కాళ్ల దాకా వచ్చాయి.

పోలీసు జీపు కంటే ముందు చొక్కారావు కారు వచ్చింది. దాని వెనక జీపు వచ్చింది. ఎస్సై ఊరివాళ్లను పంచాయతీ ఆఫీసులో నేల మీద కూర్చోబెట్టి పంచనామా చదివాడు. కట్టెలు, గుట్ట, కాలు జారుడు. ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"గట్ల గాలే సారూ. మేమందరం నాటుకాడనే ఉంటిమి" అంది బాలవ్వ.

"పోస్టుమార్టం కావాలంటె కాయిదం కావాలె. కాయిదం మీద ముద్రలు లేకుంటె శవం మూడొద్దులైనా రాదు" అన్నాడు ఎస్సై, చాయ్ తాగుతూనే. "వానకాలమే గని, శవం శవమే గద. మీ ఇష్టం."

లింగవ్వ కొడుకు సంపత్ లేచాడు. ఊళ్లో ఎవరి ఇంట్లో చావైనా దప్పు కొట్టే పిల్లవాడు. "మా అవ్వను నాకియ్యుండ్రి సారూ" అని మొదటి సంతకం చేశాడు. కొడుకే చేశాక మిగతా వాళ్లు ఏమనగలరు? ఒక్కొక్కరే లేచి వేలు నల్లగా చేసుకున్నారు. పిల్లికి ఎలుక సాక్ష్యం అంటారే, అది. ఎలుకకు కూడా తెలుసు తను ఏం చేస్తున్నదో.

ఆ సాయంత్రం సంపత్ గడ్డి మంట మీద దప్పు కాచి, తల్లి పాడె ముందు తనే కొట్టాడు. వానకు తోలు వదులైపోతుంటే మళ్లీ మళ్లీ ఆగి కాచుకున్నాడు. రమ ఆ మంట దగ్గర నిలబడి తన చేతిని తనే అసహ్యంగా చూసుకుంది.

*

దినాలకు రమ క్లాసువాళ్లు ఇద్దరు కరీంనగర్ నుంచి వచ్చారు. దేవదాస్‌ది లక్సెట్టిపేట. చర్చిలో గిటారు వాయిస్తూ పెరిగాడు. వెంకటేశ్‌ది భైంసా. మరాఠీ, దక్కనీ, తెలుగు మూడూ ఒకే ఊపిరిలో కలిపి గబగబా మాటలు కట్టి విసిరేవాడు. సంపత్ దప్పు కొడుతుంటే దేవదాస్ గిటారు తీసి దాని వెంట నడిచాడు. వెంకటేశ్ క్వారీ లారీల మీద నాలుగు మాటలు విసిరాడు. రమ లింగవ్వ ఎత్తిన చరణం ఎత్తింది. ఏడుస్తున్న వాళ్లు ఏడుపు ఆపి తలలెత్తి చూశారు.

అలా పుట్టింది ఆ బ్యాండు. పేరు కూడా "మునుం" అనే పెట్టుకున్నారు.

మొదట్లో నలుగురికీ నాలుగు దిక్కులు. దేవదాస్‌కు అన్నీ తాళంలో ఉండాలి. సంపత్ దప్పు మనిషి నడకను బట్టి నడుస్తుంది. వెంకటేశ్ ఎవరికీ ఆగడు. కొట్లాడుకుని, తిట్టుకుని, ఒకే పళ్లెంలో తిని, ఆరు నెలలకు ఒక దారికి వచ్చారు. హాస్టల్లో పురుగుల అన్నం పెడితే మెస్సు ముందు పాడారు. మెట్‌పల్లిలో బీడీలు చేసే ఆడవాళ్ల ధర్నాలో పాడారు. భైంసా జిన్నింగు మిల్లులో పత్తి దుమ్ము మింగి దగ్గే కూలీల మీద వెంకటేశ్ ఒక పాట కడితే, మిల్లు గేటు ముందు హమాలీలు దాన్ని మూడు సార్లు పాడించుకున్నారు. విద్యార్థులు వెంట తిరిగారు, కూలీలు ఇంటికి పిలిచి అన్నం పెట్టారు. ఆ రోజుల్లో వాళ్లది మంచి బ్యాండు. ఆ మాట ఒప్పుకోవాలి.

అప్పుడు విద్యాధర్ వచ్చాడు.

ఖద్దరు లాల్చీ, భుజానికి సంచి. జానపదాల యూట్యూబ్ ఛానల్ నడుపుతున్నానని చెప్పాడు. కరీంనగర్‌లో సొంత స్టూడియో. పాట విని కళ్లు తుడుచుకున్నాడు కూడా. ఇంటిపేరు చెప్పలేదు, ఊరు హైదరాబాదన్నాడు. వీళ్లు అడగలేదు. పేరు చివరి రావు తీసేస్తే దొరతనం కూడా పోతుందని నమ్మే వయసు వాళ్లది. దొర బిడ్డ దగ్గరికొచ్చి అన్నా, తమ్మీ అంటే ఎంత చదివినవాళ్లకైనా కళ్లు మసకేస్తాయి మన దగ్గర.

స్టూడియోలో రమ ఒక మాట అడిగింది. "కోరసుకు మా ఊరి ఆడోళ్లను తోలుకొస్త అన్నా. గిది మునుం పాట, ఒక్కదాన్నే పాడేది గాదు."

"నాటేసేటోళ్లు శ్రుతిల ఉండరమ్మా" అన్నాడు రికార్డింగు అతను. "నువ్వే ఎనిమిది సార్లు పాడు. అన్ని కలిపేస్త, ఎవ్వనికి ఎర్క గాదు."

ఎనిమిది సార్లు పాడింది. లింగవ్వ ఎత్తిన సగానికి రమ తనే మిగతా సగం రాసింది, ఆ సగాన్ని ఎనిమిది మంది రమలు అందుకున్నారు. అద్దాల గదిలో అది వింటుంటే దేవదాస్‌కు కన్నీళ్లు వచ్చాయి. సంపత్ మాత్రం నేల చూస్తూ కూర్చున్నాడు.

తర్వాత కాగితం వచ్చింది.

"రచన దగ్గర ఒకే పేరు ఉండాలి రమా" అన్నాడు విద్యాధర్. "చనిపోయిన మనిషి పేరు పెడితే రేపు వారసులు, సంతకాలు, లేనిపోని పరేషాన్. నీ పేరే పెడదాం. హక్కులు ఛానల్‌కు ఇస్తే చాలు, మిగతాది మేం చూసుకుంటాం."

వారసుడు పక్కనే కూర్చుని ఉన్నాడు. రమ వాడివైపు చూసింది.

"రాయనియ్ తియ్యి అక్కా" అన్నాడు సంపత్. "పాటైతె లోకంలకు పోనీ."

రమ సంతకం చేసింది. మళ్లీ అవే గుండ్రటి అక్షరాలు. రెండు సార్లు సంతకం చేసింది, రెండు సార్లూ లింగవ్వ పేరు చెరిపేసింది. మొదటిసారి శవం కోసం. రెండోసారి దేనికోసమో ఆమెకే తెలియాలి.

*

పాటను కోటి మంది విన్నారు. బ్యాండు కరీంనగర్ కాలేజీ పండుగల్లో పాడింది. హైదరాబాదులో గాజు గోడల హోటల్లో పాడింది. అక్కడ జనం కాఫీ తాగుతూ కాళ్లు ఊపారు. ఎవరో శాలువా కప్పారు. సామాజిక స్పృహ ఉన్న సంగీతమని పేపర్లో రాశారు. ఒక వేదిక మీద వెనక కట్టిన పోస్టర్ చూసి వెంకటేశ్ నవ్వాడు. అది గ్రానైటు కంపెనీ వాళ్ల పోస్టర్. నవ్వాడు గానీ దాని ముందే పాడాడు. లింగవ్వ పోయాక ఆ రెండేళ్లలో పాట ఎంత పెరిగిందో చిలుకగుట్ట అంత తరిగింది.

ఒక శుక్రవారం గంగయ్య మస్కట్ నుంచి ఫోన్ చేశాడు.

"బిడ్డా, నీ పాట గీడ క్యాంపుల అందరు ఇంటున్నరు. బంగ్లాదేశోళ్లు సుత."

"మంచిగున్నదా బాపూ?"

"మంచిగున్నది. గని అది లింగవ్వ పాట గద. లింగవ్వ పేరేది బిడ్డా?"

ఆయన కోపంగా అడగలేదు. ఫోన్లో పేరు ఎక్కడ కనబడుతుందో తెలియక అడిగాడు. సిగ్నల్ పోయిందనుకుని ఆయనే పెట్టేశాడు.

వారం తిరగకముందే రమ చిలుకపల్లెలో తల్లి దగ్గర అన్నం తింటుంటే బజారులో ఆటో మైకు మోగింది. క్వారీని గుట్ట అవతలి దాకా పెంచుతారట. పై వారం మంగళవారం బడి మైదానంలో ప్రజాభిప్రాయ సేకరణ. అందరూ రావాలి. ఆ తర్వాత పాట వచ్చింది.

"గుట్టమీది సిలుక గూడిడిసి పాయె..."

తన గొంతే. దాని వెనక ఇంకెవరో పిల్ల తియ్యగా అందుకుంది: "కొలువులిచ్చే క్వారి సల్లంగుండాలె." మళ్లీ తన గొంతు. మళ్లీ ఆ పిల్ల. ఆటో వీధి వీధీ తిరిగింది. వాకిళ్లలో ఆడవాళ్లు పని ఆపి బాలవ్వ ఇంటివైపు చూశారు. రమకు నోట్లో ముద్ద మింగబుద్ధి కాలేదు. బయటికి పోయి ఉమ్మేసింది. ఉమ్మినా ఆ రుచి పోలేదు.

ఆ మధ్యాహ్నమే నలుగురూ కరీంనగర్ స్టూడియోకు పోయారు. విద్యాధర్ కుర్చీలోంచి లేవలేదు. అప్పుడే అతని నోటితోనే తెలిసింది, తను చొక్కారావు పెద్ద కొడుకని. దాచినందుకు వాడి మొహంలో సిగ్గు కూడా లేదు.

"గుట్ట మా తాత పేరు మీదుంది, పాట మా ఛానల్ పేరు మీదుంది" అన్నాడు. "నువ్వే రాసిచ్చావు రమా. ఇందులో బాధపడేదేముంది? కొత్త పాట చెయ్యండి, నేనే పెడతా."

సంపత్ మీదికి దూకబోతే దేవదాస్ పట్టుకున్నాడు. నాలుగు రోజులకు నోటీసు వచ్చింది. ఆ పాటను ఛానల్ అనుమతి లేకుండా రమ గానీ, బ్యాండు గానీ, వాళ్ల తరఫున ఎవరు గానీ బహిరంగంగా పాడకూడదని కోర్టు ఉత్తర్వు. ఊరి ఆడవాళ్లు పొలంలో పాడుకున్న వీడియో ఎవరో ఫోన్లో పెడితే గంటలో మాయమైంది. హక్కుదారు అభ్యంతరమట. భూమి గుంజుకున్నారు, గుట్ట గుంజుకున్నారు, ఇక మిగిలింది నోరు. దానికి కూడా పట్టా రాయించుకున్నారు.

*

కూలి సంఘం రేకుల షెడ్డులో మీటింగు పెట్టారు. సంఘం పనులు చూసే కైలాసం లేచి మాట్లాడబోతే ఆడవాళ్లు మాట సాగనియ్యలేదు.

"ముందుగాల గా పిల్లను అడుగు. మా పాట ఎవన్నడిగి అమ్మింది?"

"అమ్మలేదవ్వా" అంది రమ.

"అమ్మకుంటె వాని ఆటోల ఎట్ల మోగుతున్నదే? దొరకు ఓట్లేసినట్టు పాటేసినవు."

"కోర్టుల కేసేద్దాం. హైదరాబాదుల ఒక వకీలు నాకెరుక" అన్నాడు దేవదాస్.

"నీ వకీలు వచ్చేసరికి గుట్ట లారీలకెక్కుతది" అన్నాడు సంపత్. "ఆటో పలగ్గొడ్దాం. మైకులు పలగ్గొడ్దాం."

"పలగ్గొడితె నిన్ను లోపలేస్తరు, మంగళారం సభ మంచిగ జరుపుకుంటరు. వాళ్లకు గావాల్సింది గదే" అన్నాడు కైలాసం. "ఇనుండ్రి. లొల్లి పాట గురించి గాదు, గుట్ట గురించి. పాటను పక్కకు పెట్టి తీర్మానం రాద్దాం."

బాలవ్వ అప్పటిదాకా గోడకానుకుని కూర్చుంది. లేవకుండానే మాట్లాడింది.

"రెండొకటే కైలాసం. పాట పోయిందని నా బిడ్డ ఏడుస్తున్నది. అది ఒక్కతే ఇచ్చిందా? లింగవ్వ సావును మనం ఇయ్యలేదా? ముద్రలెయ్యలేదా ఇరవై ఏడుగురం? మడిల సచ్చినదాన్ని గుట్టకెక్కించినం. దొరలకు సాక్ష్యం జెప్పినం. ఇగ వాడు పాట గుంజుకున్నడంటె నవ్వొస్తది నాకు."

ఒక ముసలామె కొంగు నోట్లో కుక్కుకుంది. వేలిముద్రల సంగతి రెండేళ్లుగా ఒక్కరూ ఎత్తలేదు, ఇప్పుడు ఎత్తితే అందరి వేళ్లూ మండాయి.

"ముద్రలెయ్యకుంటె శవం ఇయ్యం అన్నరు గదనే" అంది ముసలామె.

"అన్నరు. అదే జెప్దాం. గదే మాట మందిల జెప్దాం."

"నోటీసున్నదవ్వా. పాడితె జైలే" అన్నాడు వెంకటేశ్.

"నోటీసుల ఏమున్నదో సదువు మల్ల."

రమ చదివింది. లింగవ్వ ఎత్తిన చరణం, దానికి రమ రాసిన చరణాలు, బాణీ.

"అయితె మేం అందుకునేది అండ్ల లేదు" అంది బాలవ్వ. "లింగవ్వ ఎత్తింది. మేం ఇంక అందుకోనేలేదు. అందుకోని పాట వాడెట్ల కొంటడు? ఎత్తుడు సంగతి నాకిడిసిపెట్టుండ్రి. ఎవ్వరి మాట వాళ్లే కట్టుకోవాలె, ఆ పొద్దు ఎవ్వరేం జూసిండ్రో గదే. ఇంకొకరి మాట తీసుకోవద్దు."

మరుసటి రోజు నుంచి పొలాల్లోనే సాధన. బ్యాండు వాళ్లు ప్యాంట్లు మడిచి మడిలో దిగారు. దేవదాస్ గిటారు మొదట ముందుకు ఉరికింది. "జర ఆగు కొడుకా, మా నడుములు నీ తీగెల లెక్క ఉంటయా?" అన్నారు ఆడవాళ్లు. రెండు రోజుల్లో నేర్చుకున్నాడు. వంగినప్పుడు ఒక దెబ్బ, చెయ్యి నేల తాకినప్పుడు ఒక తీగ. రమ ఒక్కసారి కూడా పాట ఎత్తలేదు. ఎత్తమని ఎవరూ అడగలేదు కూడా. అది ఆమెకు గుచ్చుకుంది, గుచ్చుకోవడం న్యాయమేనని తెలిసింది.

*

మంగళవారం పొద్దున పదింటికి బడి మైదానంలో షామియానా. వేదిక మీద జిల్లా నుంచి వచ్చిన అధికారి, ఆయన పక్కన చొక్కారావు, వెనక విద్యాధర్. ఇవాళ లాల్చీ లేదు, ఇస్త్రీ చొక్కా. కుర్చీల నిండా క్వారీలో రాళ్లు కొట్టే ఒడిశా కూలీలు. లారీల్లో తెచ్చి కూర్చోబెట్టారు. తెలుగు రాని వాళ్లతో చిలుకపల్లె అభిప్రాయం చెప్పిస్తున్నారు. ఇంతకంటే రోత ఎక్కడైనా ఉంటే చూపించండి.

బాలవ్వ మైకు అడిగింది.

"పేరు లిస్టుల లేదు" అన్నాడు గుమస్తా.

"నేను గీ ఊరిదాన్ని."

"ఊరిదానివే. లిస్టుల లేవు."

బాలవ్వ వెనక్కి వచ్చింది. ఆడవాళ్లు మైదానం చివర బారుగా నిలబడి ఉన్నారు. బాలవ్వకూ రమకూ మధ్య ఒక మనిషి పట్టేంత జాగా ఖాళీగా వదిలారు. సంపత్, దేవదాస్, వెంకటేశ్ వెనక నిలబడ్డారు. వైరు లేదు, మైకు లేదు.

"నాటు మునుం గాదు" అంది బాలవ్వ. "కలుపు మునుం."

ఆ మాట అందరికీ తెలిసిందే. నాటు వేసేవాళ్లు వంగి వెనక్కి నడుస్తారు. కలుపు తీసేవాళ్లు ముందుకు నడుస్తారు.

మునుం కదిలింది. నోరు మాత్రం ఎవరూ విప్పలేదు. బడి గోడ పక్కన ఆగి ఉన్న క్వారీ ఆటోలో రికార్డు తిరుగుతూనే ఉంది.

"గుట్టమీది సిలుక గూడిడిసి పాయె..."

బాలవ్వ దానికోసమే ఆగింది. ఆటో ఎత్తింది, మునుం అందుకుంది.

"సైరను మోగలేదు సిలుకా, సెప్పి పేల్చలేదు సిలుకా."

సంపత్ దప్పు పడింది. రికార్డులో తియ్యటి పిల్ల పాట ఆ గొంతుల కింద నలిగిపోయింది. వేదిక మీద చొక్కారావు చెయ్యి ఊపాడు. "ఆటో సౌండు పెంచురా. వాళ్ల గొంతు వినబడొద్దు."

డ్రైవరు పెంచాడు. మైదానం అదిరేలా ఆటోలోని రమ గొంతు మళ్లీ ఎత్తింది. ఆడవాళ్లు మళ్లీ అందుకున్నారు. ఈసారి రెండో మనిషి మాట.

"నారుకట్ట సేతిలుండె సిలుకా, నడుము వంచి ఉండె సిలుకా."

"బండొచ్చి పడ్డది సిలుకా, మడి ఎర్రగయ్యింది సిలుకా."

"ముద్రలేస్తెనె శవమన్నరు సిలుకా, మా ఏళ్లు నల్లగైనయి సిలుకా."

దొర పెంచినకొద్దీ పాట పెరిగింది. తన సొమ్ముతో కొన్న గొంతు తన మీదికే పాట ఎత్తుతుంటే చొక్కారావుకు మొదట అర్థం కాలేదు. విద్యాధర్‌కు అర్థమై ఆటోవైపు ఉరికాడు. అతను పోయి ఆపేసరికి మునుం వేదిక ముందుకు వచ్చేసింది. ఒడిశా కూలీలకు మాటలు అర్థం కాలేదు గానీ, పేలుడు, బండ, వంగిన నడుము వాళ్లకెవరూ చెప్పనక్కర్లేదు. మొదటి వరుసలో ఒకడు లేచి తన కుర్చీ పక్కకు జరిపి దారి ఇచ్చాడు. అది చూసి మిగతా వాళ్లూ లేచారు.

ఎస్సై అడ్డం వచ్చాడు. అతనే, రెండేళ్ల కిందటి ఎస్సై.

"ఆపుండ్రి. గీ పాట మీద కోర్టు ఆర్డరున్నది. ఎవరు రాసిండ్రు గీ పాట? ఎవరి మీద కేసు రాయాలె?"

కాగితం మీద ఒకే పేరు ఉండాలన్న మాట రమకు గుర్తొచ్చింది. ముందుకు రాలేదు. మునుంలో తన జాగాలోనే నిలబడి చెప్పింది.

"లింగవ్వ."

"ఏడుంది ఆమె? పిలువు."

"నీ కాయిదంలనే ఉన్నది సారూ. కట్టెలకు వోయి జారి పడ్డదని రాసుకున్నవు."

ఎస్సై మొహం మాడింది. "సచ్చిన మనిషి పాటెట్ల ఎత్తుతది?"

"సచ్చేటప్పుడే ఎత్తింది. పదకొండింటికి, మడిల, నాటేసుకుంట. నేను గీ పక్కనున్న. నా కాళ్ల దాక నెత్తురొచ్చింది. అయినా నేను దొంగ సంతకం పెట్టిన. ఆ తప్పు నాది. రాసుకో సారూ."

"నేను గీ పక్కనున్న" అంది బాలవ్వ. "నేను సుత దొంగ ముద్రేసిన."

"నేను మూడో జాగల ఉన్న."

"నేను ఒడ్డు పొంటి ఉన్న. సైరను మోగలే."

సంపత్ దప్పు కింద పెట్టాడు. "మొదటి సంతకం నాదే. మా అవ్వ శవం కోసం పెట్టిన. పెట్టకుంటె ఇయ్యనన్నది నువ్వే సారూ."

అధికారి చేతిలో పెన్ను ఆగిపోయింది. ప్రజాభిప్రాయ సేకరణలో చెప్పింది ప్రతిదీ రాసుకోవాలని రూలు. ఇంతమంది ముందు, ఇన్ని ఫోన్ల ముందు, చావు గురించి ఊరు చెప్పిన మాటను రాసుకోకుండా ఎట్లా పోతాడు? రాసుకుంటే చొక్కారావు పక్కన ఎట్లా కూర్చుంటాడు? చొక్కారావు కుర్చీలోంచి లేచి, "అన్నీ దొంగ సాక్ష్యాలే, కూలికి వచ్చిన పాట" అన్నాడు. వెనక నుంచి ఎవరో నవ్వారు. సభ వాయిదా అని గొణిగి అధికారి జీపెక్కాడు.

ఉత్తర్వు ధిక్కరించారని ఇరవై ఏడు మంది ఆడవాళ్లనూ, బ్యాండు కుర్రాళ్లనూ డీసీఎం వ్యానులో ఎక్కించారు. ఎక్కుతూ ఎక్కుతూ ఆడవాళ్లు ఆ ఖాళీ జాగాను మాత్రం పూడ్చలేదు. ఇరుక్కుని నిలబడ్డారు గానీ బాలవ్వకూ రమకూ మధ్య ఎవరూ రాలేదు. వ్యాను కదిలితే కైలాసం వెంట ఊరు నడిచింది. ఒడిశా కూలీలు లారీల దగ్గరికి పోలేదు, క్వారీకి తిరిగి పోలేదు. మైదానంలోనే కింద కూర్చున్నారు.

స్టేషన్లో రైటరు లావుపాటి రిజిస్టరు తెరిచి, పాట పాడినట్టు ఒక్కొక్కరూ ఒప్పుకుని సంతకం చేయాలన్నాడు.

"చేస్తం" అంది బాలవ్వ. "ముందుగాల లింగవ్వ సంగతి రాయి. గది రాయకుంటె గిది రాయం."

"అది పాత కేసు."

"మాకు కొత్తదే. ఇప్పటిదాక మేం నోరిప్పలే గద."

రైటరు ఎస్సైవైపు చూశాడు. ఎస్సై కిటికీవైపు చూశాడు. గేటు బయట ఊరు నిలబడి ఉంది. పక్క ఊళ్ల నాట్ల నుంచి బురద కాళ్లతోనే వచ్చిన ఆడవాళ్లు వాళ్లతో కలిశారు. వాళ్ల చేతుల్లో ఫోన్లున్నాయి, నోట్లో పాట ఉంది. ఎవరో ఎత్తుతున్నారు, ఎవరో అందుకుంటున్నారు. ఏ ఊరి మాట ఆ ఊరు కడుతోంది. వెంకటేశ్ లాకప్పు చువ్వల మీద వేళ్లతో తాళం వేశాడు. కానిస్టేబులు ఒకడు వద్దని చెప్పబోయి ఊరుకున్నాడు.

రైటరు పెన్ను తీశాడు.

"పేరు?"

"బాలవ్వ. గంగయ్య పెండ్లాన్ని. లింగవ్వకు గీ పక్కనున్న."

ఆమె చెప్పింది, అతను రాశాడు. చదివి వినిపించమంది, వినిపించాడు. అప్పుడు వేలు ముందుకు చాచింది. ఈసారి సిరా ప్యాడు తనే దగ్గరికి లాక్కుంది.

తర్వాత రెండో మనిషి. ఆమె తర్వాత మూడో మనిషి. మునుంలో ఉన్న వరుసలోనే నిలబడ్డారు, ఒకరి జాగా ఒకరు తొక్కలేదు. రమ వంతు బాలవ్వ తర్వాతే రావాలి. కానీ ఆమె కొస దాకా పోయి, అందరికంటే వెనక నిలబడింది.

పొద్దు వంగేదాకా సాగింది. రమ వంతు వచ్చేసరికి రైటరు చెయ్యి నొప్పెట్టి రెండు సార్లు విదిలించాడు.

"నువ్వు సదువుకున్నదానివి గద. సంతకం పెట్టు" అన్నాడు.

రమ ఏం రాశాడో మొత్తం చదివింది. "లింగవ్వ పేరు ఏడున్నది?" అని అడిగింది. అతను వేలు పెట్టి చూపించాడు. అప్పుడు ఆమె పెన్ను తీసుకుని, ఆ పేరు కింద సంతకం చేసింది.